కోళ్ళ సంగతి అడిగే పోలీసు

ఎల్బో బ్రూక్, మసాచుసెట్స్
1986 అక్టోబరు 12

ఒరేయ్ జిగ్గీ,

నాన్న గోడ గడియారం చేరిందా? పగలకుండా వాల్టర్ ఉన్ని స్వెటర్లు చుట్టి పంపాను. ఆ స్వెటర్లు కూడా నువ్వే ఉంచుకో, ఇక్కడ తొడుక్కునేవాళ్ళెవరు? ఎర్ర పెట్టల్ని ఫిలిస్‌కి ఇచ్చేశాను. అదే, ఊరి ఆఫీసులో పనిచేసే ఫిలిస్. ఒక్కదాన్నీ ఎన్ని గుడ్లు తింటాను చెప్పు? ఊరగాయ సీసాలు చర్చివాళ్ళు పట్టుకెళ్ళారు. ఇల్లంతా ఖాళీ అయి హాయిగా ఉంది.

ఇక అసలు విషయం. నవ్వకు. నేను పిస్తోలు లైసెన్సుకి దరఖాస్తు పెట్టాను.

నవ్వొద్దన్నానా! మా తుపాకీ క్లబ్బులో శీతాకాలం పోటీలు నవంబరులో మొదలవుతాయి. జట్టుకి అయిదుగురు ఉండాలి. మీ బావ వాల్టర్ ఆగస్టులో పోయాక నలుగురే మిగిలారు. ఇన్నేళ్ళూ ఆదివారాలు ఆయన పక్కన నిలబడి నేనూ కాల్చేదాన్ని, ఆయన కంటే బాగానే కాల్చేదాన్ని. ఆ మాట ఆయన బతికుండగా ఒప్పుకోలేదనుకో. ఇప్పుడు ఆయన పిస్తోలు పోలీసు స్టేషన్లో బీరువాలో ఉంది. అంత్యక్రియల మర్నాడే చీఫ్ మెర్రిల్ టిల్సన్ వచ్చి, లైసెన్సు లేని ఇంట్లో ఉండకూడదని పట్టుకెళ్ళాడు. నాకు లైసెన్సు వస్తే అది నాది. రాకపోతే ఎవడో పరాయివాడికి అమ్మేయాల్సిందే. దాని పిడి వాల్టర్ నెలల తరబడి చెక్కాడురా. అది ఇంకొకడి చేతిలోకి వెళ్తే నేను భరించలేను.

దరఖాస్తులో నా గురించి చెప్పే మనిషిగా నీ పేరు రాశాను. ఫోన్ వస్తే మర్యాదగా మాట్లాడు. మరదలు లోరెట్టాని అడిగానని చెప్పు.

మీ అక్క
జెన్నీ


పైన్ నాచ్, వెర్మాంట్
అక్టోబరు 19

జెన్నీ అక్కకి, కాబోయే తుపాకీ రాణీగారికి,

నవ్వాను. లోరెట్టా కూడా నవ్వింది. ఇద్దరం కుదుటపడ్డాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

గడియారం క్షేమంగా చేరింది. ఫ్రిజ్ పైన గోడకి కొట్టాం. ఎప్పుడు చూసినా వెనకబడే నడుస్తోంది, అచ్చం నాన్నలాగే. స్వెటర్లు నాకు భలే సరిపోయాయి, పొట్ట దగ్గర తప్ప.

ఇంతకీ ఏమిటే మీ రాష్ట్రం? దరఖాస్తు ఏమిటి, చీఫ్ ఏమిటి, నీ గురించి నేను చెప్పడం ఏమిటి? మా దగ్గర పిస్తోలు కొనాలంటే కొట్టుకి దారి తెలిస్తే చాలు. అదే కొట్టులో పాలు, మేకులు, చేపల ఎరలు అన్నీ దొరుకుతాయి. పోయిన వారం మా పక్కింటి ముసలాయన రొట్టె కోసం వెళ్ళి తుపాకీ కొనుక్కొచ్చాడు. రొట్టె మర్చిపోయాడట, ఇంట్లో ఆవిడ మళ్ళీ పంపింది.

చీఫ్ ఫోన్ చేస్తే నీ చిన్నప్పటి సంగతులన్నీ చెప్తాను. పొగాకు కొట్టంలో నన్ను పెట్టి గడియ వేసింది కూడా. భయపడు.

నీ ముద్దుల తమ్ముడు
జిగ్గీ


ఎల్బో బ్రూక్
నవంబరు 2

జిగ్గీ,

నాకు ఒళ్ళు మండిపోతోంది. నీ హాస్యాలు పక్కన పెట్టి విను.

సోమవారం చీఫ్ రమ్మంటే వెళ్ళాను. నా ఎదురుగా కూర్చుని, కాగితం తిరగేసి మరగేసి, "కోళ్ళు ఎందుకు ఇచ్చేశావు జెన్నీ?" అన్నాడు.

"నేను పిస్తోలు కోసం వచ్చాను మెర్రిల్, కోళ్ళ కోసం కాదు" అన్నాను.

"ఊఁ" అన్నాడు. తర్వాత, "నిద్ర పడుతోందా?" అన్నాడు. నా నిద్రతో ఈయనకేం పని? "నీ కారు మా వీధిలోంచి వెళ్ళనప్పుడు పడుతోంది" అన్నాను. ఆ కారు సంగతి నీకు తెలుసుగా. అది మలుపు తిరగకముందే దాని దగ్గు మా వంటింట్లో వినిపిస్తుంది. మళ్ళీ "ఊఁ" అని నా కాగితాన్ని సొరుగులో పెట్టి సొరుగు మూసేశాడు. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. "చూద్దాం" అన్నాడు.

అదీ సంగతి. లైసెన్సు రావాలంటే చీఫ్ కంటికి మనం తగిన మనిషిలా కనబడాలట. తగిన మనిషంటే ఎవరయ్యా అంటే, చీఫ్ కంటికి ఎవరు తగితే వాళ్ళు! మంచు తోసే బండి నడిపే డొనాల్డ్ లేడూ, వాడు తన సొంత ఉత్తరాల పెట్టెనే రెండుసార్లు గుద్దినవాడు, వాడికి వారం తిరక్కుండా ఇచ్చాడు. వాడు తగినవాడు, నేను కాను. అదే వాగు అవతల కార్వర్స్ మిల్‌లో ఉండి ఉంటే, అక్కడి చీఫ్ కాఫీ చల్లారేలోపు సంతకం పెట్టేస్తాడు. వాగుకి అవతల ఇల్లు కట్టనందుకు నేను పాపాత్మురాలినయ్యాను.

కారణం నాకు తెలుసులే. కిందటేడు ఊరి సభలో పోలీసులకి కొత్త కారు ఎందుకని లేచి మాట్లాడింది నేనే. అది మనసులో పెట్టుకున్నాడు. కోళ్ళ సంగతి ఎత్తడం ఎందుకంటే, మా పుంజు కూతలకి ఎవరో ఫిర్యాదు చేసి ఉంటారు. ఏదో ఒక వంక వెతుకుతున్నాడు.

ఎల్లుండే మొదటి పోటీ. నలుగురితో ఆడుతున్నారు.

జెన్నీ


పైన్ నాచ్
నవంబరు 9

అక్కా,

మీ చీఫ్ ఫోన్ చేశాడు! ఎంత మర్యాదగా మాట్లాడానో లోరెట్టాని అడుగు. నీ అంత నెమ్మదైన మనిషి రెండు రాష్ట్రాల్లో లేదన్నాను. పొగాకు కొట్టం సంగతి ఎత్తలేదు.

కానీ ఆయన అడిగిందేమిటో తెలుసా? "మీ అక్క ఈమధ్య నీకేమైనా పంపిందా?" అని. "ఆఁ, మా నాన్న గడియారం. ఏం, దొంగ సొత్తా?" అన్నాను. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. చివరికి "సరే, థాంక్స్" అని పెట్టేశాడు. ఇదేం పోలీసమ్మా! గడియారం గురించి ఎందుకు? మీ ఊళ్ళో గడియారాలకి కూడా లైసెన్సు కావాలా?

ఇక చాలు, ఈ బతిమాలడాలెందుకు? నేనొక మాట చెప్తాను. నెలాఖరున థాంక్స్‌గివింగ్ పండక్కి ఎటూ మేం వస్తున్నాం. ఇక్కడి కొట్టులో నీకో మంచి పిస్తోలు కొని, లోరెట్టా చేసే గుమ్మడికాయ తీపిరొట్టె కింద పెట్టి తెచ్చేస్తాను. మీ చీఫ్ సొరుగు మూసుకుని కూర్చోనీ. సరేనా? ఒక్క ముక్క రాయి చాలు.

జిగ్గీ


ఎల్బో బ్రూక్
నవంబరు 17

జిగ్గీ,

వద్దు. తేవద్దు.

రాష్ట్రం దాటించి పట్టుబడితే నిన్ను లోపల వేస్తారు, లోరెట్టా నన్ను చంపుతుంది. పైగా నాకు కావలసింది ఏదో ఒక పిస్తోలు కాదు, వాల్టర్‌ది.

తీపిరొట్టె మాత్రం తీసుకురా.

అక్క


ఎల్బో బ్రూక్
1987 జనవరి 11

ఒరేయ్ తమ్ముడూ,

మీరు వచ్చి వెళ్ళాక ఇల్లు మరీ బోసిపోయింది. లోరెట్టా వదిలేసిన చెప్పులు ఇక్కడే ఉన్నాయి, వసంతంలో వచ్చినప్పుడు తీసుకోమను.

నీకో వింత చెప్పనా? చీఫ్ ఇప్పుడు ప్రతి గురువారం మా ఇంటికి వస్తున్నాడు. లైసెన్సు ఇవ్వాలంటే పిస్తోలు దాచే చోటు చూడాలట. మొదటి గురువారం బీరువా చూశాడు. రెండో గురువారం దాని తాళం చూశాడు. మూడో గురువారం ఆ తాళం నిజంగా పడుతోందో లేదో చూశాడు. ఇప్పుడు చూడ్డానికి ఏమీ మిగల్లేదు, అయినా వస్తున్నాడు. వంటింట్లో కూర్చుని నేను పెట్టిన పియెరోగీలు తింటాడు. పిండిలో బంగాళాదుంపా జున్నూ కూరి ఉడికించినవి చేస్తే మారు అడుగుతాడు, క్యాబేజీవి చేస్తే అడగడు. ఒక ముక్క మాట్లాడడు. వెళ్ళేముందు టోపీ పెట్టుకుని, "మరి పెట్టల్ని ఎప్పుడు తెచ్చుకుంటున్నావు?" అంటాడు. ప్రతిసారీ అదే మాట!

ఏం చేయను? ఆయన గుడ్లకి మొహం వాచిపోయాడా? ఫిలిస్ దగ్గర కొనుక్కోవచ్చుగా! ఇది లంచం కాక మరేమిటి? పియెరోగీలు తిని, ఇప్పుడు గుడ్లు అడుగుతున్నాడు. పోనీ పెట్టకుండా ఊరుకుందామా అంటే సంతకం ఆయన చేతిలో ఉందాయె. పైగా మొన్న నేను లేచేసరికి మెట్ల మీద మంచు ఎవరో తీసేసి ఉంది. పార ఆయన కారు డిక్కీలో చూశాను.

జట్టు వరసగా ఓడిపోతోంది. నలుగురూ ఎంత బాగా కాల్చినా అయిదో మనిషి పాయింట్లు సున్నా కదా. క్లబ్బులో వాల్టర్ కుర్చీ అలాగే ఉంచారు. దాని మీద కోట్లు పడేస్తున్నారు.

జెన్నీ


పైన్ నాచ్
జనవరి 20

అక్కా,

నీకు అరవై మూడేళ్ళు వచ్చాయి గానీ బుద్ధి మాత్రం రాలేదు. లోరెట్టా నీ ఉత్తరం చదివి ఒక్క క్షణంలో తేల్చేసింది. ఆయన నీ మీద మనసు పడ్డాడే!

ఆలోచించు. భార్య పోయి చాలా ఏళ్ళయిందని నువ్వే చెప్పావు. వారం వారం వస్తాడు. తింటాడు. మాట్లాడడు. మంచు తవ్వుతాడు. మీ ఊరి మగాళ్ళు ఇంతకంటే ఎక్కువగా ప్రేమ ఒలకబోస్తారా? నిద్ర పడుతోందా అని అడగడం, గడియారం గురించి వాకబు చేయడం... అదీ ఇప్పుడు అర్థమైంది. నీకేం ఆస్తి ఉందో ముందుగా లెక్క చూసుకుంటున్నాడు. కోళ్ళ మాట ఎత్తడం కూడా అందుకే, పెళ్ళయ్యాక పొద్దున్నే గుడ్లు కావాలిగా.

లైసెన్సు ఇచ్చేస్తే మళ్ళీ ఇంటికి రావడానికి వంక ఉండదు. అందుకే ఇవ్వడం లేదు. ఇంతే సంగతి.

నా సలహా: క్యాబేజీవి పెట్టు. పారిపోతాడు.

కాబోయే చీఫ్ బావమరిది
జిగ్గీ


ఎల్బో బ్రూక్
ఫిబ్రవరి 1

సిగ్గు లేదురా నీకు! వాల్టర్ పోయి ఏడాదైనా కాలేదు. లోరెట్టాకి కూడా చెప్పు, నేను తన మీద కోపంగా ఉన్నానని.

అయినా నీ ఉత్తరం వచ్చాక ఆయన మొహం చూడాలంటే ఇబ్బందిగా ఉంది. గురువారం క్యాబేజీవే పెట్టాను. అవీ తిన్నాడు. కష్టపడి తిన్నాడు, కానీ తిన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది.

ఇక తేల్చేస్తాను. మార్చిలో ఊరి సభ ఉంది. మళ్ళీ కొత్త కారు కోసం అడుగుతున్నాడు. ఊరందరి ముందూ నిలబెట్టి అడుగుతాను, నా కాగితం సొరుగులో ఎందుకుంది అని. నేను దొంగనా, తాగుబోతునా, పిచ్చిదాన్నా? ఏదో ఒకటి చెప్పమంటాను. చెప్పలేకపోతే సంతకం పెట్టమంటాను.

జెన్నీ


ఎల్బో బ్రూక్
మార్చి 7

జిగ్గీ! గెలిచాను!

సభ హాలు కిటకిటలాడింది. అందరూ అల్లిక సామాన్లు, కాఫీ ఫ్లాస్కులు తెచ్చుకుని కూర్చున్నారు. రోడ్ల సంగతి, బడి కప్పు సంగతి అయ్యాక పోలీసు కారు వంతు వచ్చింది. నేను లేచాను.

"కారు సంగతి తర్వాత. ముందు ఒక మనిషి ఇష్టాయిష్టాల సంగతి మాట్లాడదాం" అన్నాను. "ఈ ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఉంటున్నాను. పన్నులు కట్టాను. ఈ హాల్లోనే మీ పిల్లలకి సూపులు వడ్డించాను. నా దరఖాస్తు అక్టోబరు నుంచి ఈయన సొరుగులో మగ్గుతోంది. నాలో ఏం లోపముందో ఇక్కడే, ఇప్పుడే చెప్పమనండి!" అన్నాను.

మెర్రిల్ లేచాడు. టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "లోపమేమీ లేదు. నేనింకా తేల్చుకోలేదు" అన్నాడు. అంతే! అంతకంటే ఒక్క ముక్క రాలేదు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. డొనాల్డ్ కూడా నవ్వాడు, ఆ ఉత్తరాల పెట్టె వీరుడు. మెర్రిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఓట్లు పెడితే కారు చిత్తుగా ఓడిపోయింది.

ఇంటికొచ్చి వాల్టర్ దాచిన సీసా తీసి ఒక గుక్క తాగాను.

ఒక్కటే అర్థం కాలేదు. మర్నాడు గురువారం. ఆ దగ్గుకారు వేసుకుని మళ్ళీ వచ్చాడు. నేను తలుపు తీయలేదు. మెట్ల మీద కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

అక్క


పైన్ నాచ్
మార్చి 12

అక్కా,

శభాష్! లోరెట్టా నీ ఉత్తరం పోస్టాఫీసులో అందరికీ చదివి వినిపించింది. పాపం, ప్రేమించినందుకు పెద్ద శిక్షే వేశావు.

ఇక్కడ మేపుల్ చెట్ల నుంచి తీపి రసం కారుతోంది. రాత్రీ పగలూ పాకం మరగబెట్టడమే పని, ఒళ్ళంతా జిగురు, నా గడ్డానికి చీమలు పట్టకుండా ఉంటే చాలు. ఉత్తరం పొట్టిగా ఉందని తిట్టకు. కాగితం చేతికి అంటుకుపోతోంది.

జిగ్గీ


ఎల్బో బ్రూక్
ఏప్రిల్ 14

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టాఫీసులో చదవొద్దని లోరెట్టాకి చెప్పు.

శనివారం పిట్టల గింజల కోసం దాణా కొట్టుకి వెళ్ళాను. లోపల బల్బు కింద పెట్టెలో కోడిపిల్లలు ఒకటే గోల. ఊరికే చూద్దామని వంగాను. ఒకటి నా వేలు పొడిచింది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, కొట్టువాడు "అమ్మా, పక్కకి జరుగుతారా" అన్నాడు. ఆరింటిని తెచ్చుకున్నాను. వంటింట్లో, పొయ్యి పక్కన, వాల్టర్ బూట్ల పెట్టెలో ఉన్నాయి. అది చాలక అప్పుడే పెద్ద పెట్టె వెతుకుతున్నాను.

ఆదివారం పొద్దున్న ఆ దగ్గు వినబడింది. ఫిలిస్ చెప్పి ఉంటుంది. ఈసారి తలుపు తీశాను. మెర్రిల్ లోపలికొచ్చి, నా వైపు చూడకుండా తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెలోకి చూశాడు. అంత పెద్ద మనిషి అలాగే ఉండిపోయాడు. తర్వాత జేబులోంచి లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. సంతకంతో సహా.

"గుడ్లు పెట్టడానికి ఇంకా చాలా టైముంది మెర్రిల్" అన్నాను, వెటకారంగా.

"నాకు గుడ్లు పడవు జెన్నీ. ఒంటికి దద్దుర్లు వస్తాయి" అన్నాడు.

కుర్చీలో కూర్చుని అప్పుడు చెప్పాడు. హెరాల్డ్ పైక్ గుర్తున్నాడా? కొండ మీద పాడి ఉండేది. భార్య పోయిన కొన్నాళ్ళకే మెర్రిల్ దగ్గరికి లైసెన్సు కోసం వెళ్ళాడట. "కారు దిగకుండానే, స్టీరింగు మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాను" అన్నాడు. "అంతకుముందు వారమే ఆవులన్నీ అమ్మేశాడని నాకు తెలుసు. కుక్కని పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడనీ తెలుసు. ఎందుకని అడగలేదు. రెండు వారాల తర్వాత ఆ కొండ ఎక్కింది నేనే."

హెరాల్డ్‌ది పిస్తోలు పొరపాటున పేలిన ప్రమాదమనే అందరం అనుకున్నాం రా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాం. మెర్రిల్ మమ్మల్ని అలా అనుకోనిచ్చాడు.

"నువ్వు పెట్టల్ని ఇచ్చేశావని ఫిలిస్ చెప్పింది. గడియారం ఇచ్చేశావని మీ తమ్ముడు చెప్పాడు" అన్నాడు.

"మరి సభలో ఈ మాట చెప్పొచ్చుగా? నేను అన్ని మాటలంటుంటే!" అన్నాను.

"అది ఊరికి సంబంధించింది కాదు" అన్నాడు.

జిగ్గీ, నీకొక్కడికే చెప్తున్నాను. అక్టోబరులో నేను పోటీల గురించి ఆలోచించడం లేదు. జట్టు, అయిదో మనిషి, అదంతా నిజమే, నోటితో చెప్పడానికి బాగుండేది. కానీ ఇల్లు ఖాళీ చేస్తుంటే ఎంత హాయిగా ఉండేదంటే, ఆ హాయి ఏమిటో నాకే తెలియలేదు. నువ్వు పిస్తోలు తీపిరొట్టె కింద పెట్టి తెస్తానన్నావు చూడు, దానికి నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదాంట్లో తీసుకురా అని రాశాను. కవర్లో పెట్టి అతికించాను కూడా. అది గురువారం. బయట దగ్గు వినబడింది. ఆయన మొదటిసారి వచ్చాడు, బీరువా చూడాలని. కవరు పొయ్యిలో పడేసి పియెరోగీలు వేడి చేశాను. అంతే జరిగింది.

ఇప్పుడు బాగున్నాను. ఊరికే అనడం లేదు, నిజంగా బాగున్నాను. పిస్తోలు ఇంకా తెచ్చుకోలేదు. పోటీలు మళ్ళీ శీతాకాలానికి కదా, అప్పటిదాకా నీ బీరువాలోనే ఉంచు అని మెర్రిల్‌కి నేనే చెప్పాను. "ఊఁ" అన్నాడు. ఈసారి ఆ "ఊఁ" నాకు అర్థమైంది.

ఒక మనిషి చేతిలో అంత అధికారం ఉండటం నాకిప్పటికీ నచ్చదు. ఆ సొరుగు ఇంకొకడి చేతిలో ఉంటే నిజంగానే పగ తీర్చుకునేవాడు. అదీ ఆయన మొహం మీదే చెప్పాను. ఒప్పుకున్నాడు. అయినా రేపటి నుంచి ఇంటింటికీ తిరగబోతున్నాను. ఇంకో సభ పెట్టించి ఆయనకి కొత్త కారు ఇప్పించడానికి సంతకాలు కావాలి. మొదటి సంతకం నాదే. డొనాల్డ్ చేత పెట్టించకపోతే నా పేరు జెన్నీ కాదు. కాకపోతే కొత్త కారు దగ్గదు, అదొక్కటే బెంగ.

ఇంకొకటి. నాన్న గడియారం తిరిగి పంపించెయ్.

అక్క


పైన్ నాచ్
ఏప్రిల్ 18

అక్కా,

నీ ఉత్తరం లోరెట్టాకి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. సగంలో కాగితం తన చేతికిచ్చేశాను. మిగతాది తనే చదువుకుంది.

నువ్వు గడియారం పంపితే నేనేం రాశాను? వెనకబడి నడుస్తోందని రాశాను. ఏ చుట్టరికమూ లేని మనిషికి అర్థమైంది, నీతో ఒకే మంచం మీద పెరిగిన నాకు కాలేదు. పైగా పిస్తోలు నేనే తెస్తానన్నాను. నేనే, అక్కా.

గడియారం పోస్టులో పంపను. వచ్చే శనివారం నేనే తెస్తున్నాను. స్వెటర్లు కూడా తెస్తున్నాను, మళ్ళీ వాల్టర్ పెట్టెలో పెట్టు. మీ చీఫ్‌కి ఒక డబ్బా పాకం తెస్తున్నాను. అది లంచమనుకుంటే జైల్లో పెట్టమను, పాకానికి దద్దుర్లు రావు కదా అని కనుక్కో. లోరెట్టా తన చెప్పుల కోసం వస్తానంటోంది. చెప్పుల కోసం కాదని నీకూ తెలుసు.

ఆదివారం వెళ్ళిపోతామని అనుకోకు. ఎప్పుడు వెళ్తామో చెప్పను.

హాల్లో గోడకి ఆ గడియారం మేకు ఇంకా ఉందా? పీకేయలేదు కదా?

నీ తమ్ముడు
జిగ్గీ